కదిలే చుక్కకు పేరు పెట్టే ముందు

నక్షత్రాలను పరిశీలిస్తున్నప్పుడు బైనాక్యులర్ వలయంలో ఒక మసక చుక్క అడ్డంగా సాగిపోతే, చాలామంది వెంటనే ఫోన్‌లో యాప్ తెరిచి ఆ దిక్కున కనిపించిన మొదటి ఉపగ్రహం పేరునే ఖాయం చేసుకుంటారు. ఈ పద్ధతి నాకు సమ్మతం కాదు. 60 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల తొలి విడత 2019 మే నెలలో ఆకాశానికెక్కినప్పటి నుంచి రద్దీ ఎంతగా పెరిగిందంటే, దిక్కు ఒక్కటే ఆధారంగా పెట్టే పేరు ఊహ మాత్రమే అవుతుంది.

నిజంగా కావలసినవి రెండు: నక్షత్రాల మధ్య కచ్చితమైన చోటు, అక్కడ ఉన్న క్షణం. నేను బైనాక్యులర్‌ను ఉపగ్రహంతోపాటే కదుపుతూ, తెలిసిన రెండు నక్షత్రాల నడుమ నుంచి అది దాటే ఘడియ కోసం చూస్తాను. ఉదాహరణకు అభిజిత్ (వేగా) నక్షత్రం పక్కన ఎప్సిలాన్, జీటా అనే చుక్కలు దానితో కలిసి చిన్న త్రిభుజంగా అమరి ఉంటాయి. వాటిలో ఎప్సిలాన్ బైనాక్యులర్‌లో జంటగా విడిపోయి కనిపిస్తుంది. ఆ జంట మధ్య ఎడం సుమారు మూడున్నర ఆర్క్ నిమిషాలు (ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) కాబట్టి అదే కొలబద్దగా పనికివస్తుంది. ఉపగ్రహం అభిజిత్‌కూ ఎప్సిలాన్‌కూ మధ్య గీతను దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, గీతను ఎన్నో వంతు దగ్గర కోసిందో రాసుకోవాలి. కాసేపటికి మరో జత నక్షత్రాల వద్ద ఇలాగే చేస్తే దారీ, వేగమూ రెండూ చేతికి వస్తాయి.

వేగం ఎత్తును చెబుతుంది. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే వస్తువు నడినెత్తిన సెకనుకు దాదాపు ఒక డిగ్రీ కదులుతుంది. 1000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది అందులో సగం కూడా కదలదు. దిశ కూడా విలువైన ఆధారమే. తూర్పు నుంచి పడమరకు పోయేవి అరుదు కాబట్టి, అలాంటిది కనిపిస్తే మధ్యధరా సముద్రం మీదుగా పడమటికి ప్రయోగించే ఇజ్రాయెల్ ఓఫెక్ ఉపగ్రహాలను మొదట పోల్చి చూడవచ్చు.

ఇక సెలెస్‌ట్రాక్ వంటి వెబ్‌సైట్లలో దొరికే కక్ష్యా వివరాలతో సరిపోల్చేటప్పుడు నేను సమయం కన్నా దారికే ఎక్కువ విలువ ఇస్తాను. తక్కువ ఎత్తులో గాలి రాపిడి వల్ల ఉపగ్రహం కక్ష్యలో అంచనా కన్నా కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది గానీ, కక్ష్యాతలం (కక్ష్య ఇమిడి ఉండే సమతలం) అంత త్వరగా మారదు. అందుకే దారి సరిపోయి సమయం కొన్ని సెకన్లు తేడాగా ఉంటే అంగీకరిస్తాను. సమయం అచ్చంగా కలిసి, దారి డిగ్రీకి పైగా పక్కకు ఉంటే తోసిపుచ్చుతాను. తేడా నిమిషాల్లో ఉంటే మాత్రం భూమి తిరగడాన్నీ లెక్కలోకి తీసుకోవాలి: నిమిషానికి పావు డిగ్రీ.

కాంతిని చివరగా చూస్తాను. సౌరఫలకాల వంపును బట్టి ఒకే ఉపగ్రహం ఒక రాత్రి ప్రకాశవంతంగా, మరో రాత్రి మసకగా ఉంటుంది. మినుకుమినుకుమనే లయ అలా కాదు. అదుపు లేకుండా దొర్లే రాకెట్ భాగాన్ని అది చాలాసార్లు పట్టిస్తుంది. ఒక మెరుపు నుంచి దాని తర్వాతి పదో మెరుపు వరకు కాలాన్ని కొలిచి పదితో భాగిస్తే లయ బాగా తేలుతుంది.

ఇన్ని చేసినా జాబితాలో ఏదీ కలవని వస్తువు ఒకోసారి మిగులుతుంది. అమెరికా రహస్య నిఘా ఉపగ్రహాల కక్ష్యలు బహిరంగ జాబితాలో ఉండవు. వాటిని ఔత్సాహికులే ఇలాంటి కొలతలతో లెక్కగట్టి పంచుకుంటారు. కాబట్టి పేరు దొరకని పరిశీలనను కొట్టివేయకుండా, చూసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా భద్రపరచి, ఆ లెక్కలతోనూ పోల్చి చూడాలి.