ముందు తాడు పరిచింది, జనం తర్వాత వచ్చారు

లండన్‌లో రెండు రోజులున్నా, కానీ రాయడానికి కూర్చుంటే ఒక్క నలభై నిమిషాలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. టవర్ బ్రిడ్జి చూశా, బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూశా, ఆ గదిలో నిలబడితే మనసు అదోలా అయిపోయింది, దాని గురించి ఇంకోసారి విడిగా రాస్తా. ఇది మాత్రం వీధి ఆటలు ఆడే కోవెంట్ గార్డెన్ గురించి, అసలు నేను వెళ్ళిందే దానికోసం.

నేను కోవెంట్రీ అనే ఇంకో ఊళ్ళో ఎమ్మెస్సీ చదువుతున్నా. ఏడాదిన్నర నుంచి మ్యాజిక్ పిచ్చి పట్టుకుంది, తాడు కోసి మళ్ళీ అతికించడం, మూడు బంతులు ఎగరేసి పట్టే జగ్లింగ్, ఇంకో రెండు మూడు చిన్న ఐటమ్స్. గదిలో ఫ్రెండ్స్ ముందు బాగానే వచ్చేది. ఎండాకాలంలో ఒకరోజు ధైర్యం చేసి పార్కులో చేశా. డబ్బులకి కాదు, ఇక్కడ స్టూడెంట్ వీసా మీద సొంత సంపాదన పెట్టుకోకూడదు, ఎంటర్‌టైనర్‌గా పని చెయ్యకూడదు, అది రూలు. అందుకని డబ్బులెయ్యడానికి టోపీ గీపీ ఏం పెట్టలేదు, ఊరికే జనం ముందు చెయ్యడం అలవాటు అవుతుందని. ఆరుగురు ఆగారు. నాకు బాగా వచ్చింది తాడు ఐటమే కాబట్టి అదే ముందు చేశా, కోసిన తాడు మళ్ళీ ఒక్కటయ్యేసరికి ఆరుగురూ చప్పట్లు కొట్టారు, కొట్టి వెళ్ళిపోయారు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. ఇంకా పది నిమిషాల సరుకు నా చేతిలో ఉంది, చూసేవాళ్ళు లేరు. నా కిటుకు ఎక్కడా దొరికిపోలేదు, ట్రిక్కు తప్పలేదు, మరి ఎందుకు వెళ్ళారు అని నెలరోజులు అదే ఆలోచన.

లండన్‌కి కోచ్, అంటే దూరప్రయాణం బస్సు, టికెట్ ముందే బుక్ చేసుంటే చవగ్గా వచ్చేది, రెండు రోజుల ముందు చూస్తే దాదాపు డబుల్ ఉంది. పోనీ టైముకి వచ్చిందా అంటే యాభై నిమిషాలు లేటు, చలిలో నిలబెట్టారు, ఎందుకు లేటో చెప్పే మనిషి లేడు. ఆ కోపంతోనే విక్టోరియాలో దిగా. రాత్రి ఈస్ట్‌హామ్‌లో మా సీనియర్ అన్న రూములో పడుకున్నా. పొద్దున వెళ్ళేటప్పుడు అన్న ఒక మంచి మాట చెప్పాడు, ట్యూబులో, అంటే భూగర్భ రైల్లో, లెస్టర్ స్క్వేర్‌లో దిగి నడిచెయ్ తమ్ముడూ, అక్కణ్ణుంచి కోవెంట్ గార్డెన్ స్టేషన్ మూడొందల మీటర్లు కూడా ఉండదు, ఆ కోవెంట్ గార్డెన్‌లో దిగి లిఫ్టు దొరక్కపోతే 193 మెట్లు ఎక్కాలి అని. నడిచే వెళ్ళా.

అక్కడి సంగతి తెలిసినవాళ్ళకి తెలిసిందే. పాత కూరగాయల మార్కెట్టు, 1974లో మార్కెట్టుని లండన్‌లోనే నైన్ ఎల్మ్స్ అనే చోటికి మార్చేశారు, 1980లో షాపులుగా తెరిచారు. పడమటి వైపు రాళ్ళు పరిచిన ఖాళీ స్థలం, దాని ఎదురుగా సెయింట్ పాల్స్ చర్చి. పెద్ద పెద్ద స్తంభాలు, మధ్యలో ఇంత తలుపు, కానీ ఆ తలుపు ఉత్తిదే, లోపలికి దారి అవతలి వైపు నుంచి. అంటే ఎవరూ రాకపోకలు చెయ్యని మెట్లూ స్తంభాలూ వెనకాల, ముందంతా ఖాళీ, ఆట ఆడేవాళ్ళకి ఇంతకన్నా మంచి స్టేజీ ఏముంటుంది. గోడ మీద రాసి ఉంది, 1662లో ఇక్కడికి దగ్గర్లోనే పంచ్ అనే బొమ్మతో తోలుబొమ్మలాట లాంటిది ఆడితే శామ్యూల్ పీప్స్ అనే ఆయన చూశాడని. ఆయన డైరీ రాసుకోబట్టి మనకి తెలిసింది. మూడున్నర శతాబ్దాల కిందటే ఇదే చోట వీధి ఆట ఆడారంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

పదకొండు దాటాక ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో. నల్ల ప్యాంటు, ఎర్ర జాకెట్, ఒక పాత సూట్‌కేసు, ఒక నిచ్చెన. నిచ్చెన అంటే గోడకి ఆనించేది కాదు, ఒంటరిగా నిలబెట్టి దాని మీద బ్యాలెన్స్ చేసేది. ఇప్పుడు నిచ్చెన ఎక్కుతుందేమో అని చూస్తున్నా. ఎక్కలేదు. సూట్‌కేసులోంచి ఒక లావుపాటి తెల్ల తాడు తీసి నేల మీద గుండ్రంగా పరచడం మొదలెట్టింది. ఎంత నెమ్మదిగా అంటే, ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గు వేసేటప్పుడు ఒక గీత గీసి వెనక్కి జరిగి చూసుకుంటారు చూడండి, అలాగ. పరుస్తుంది, దూరంగా వెళ్ళి చూస్తుంది, తల ఊపుతుంది, మళ్ళీ వచ్చి కాలితో ఒక జానెడు జరుపుతుంది. నోరు విప్పి ఒక్క మాట లేదు.

ఒక ఐదారేళ్ళ పాప ఆగింది. ఆవిడ ఆ పాప వైపు చూసి, తాడు చివర చూపించి, కాస్త పట్టుకుంటావా అన్నట్టు సైగ చేసింది. పాప పట్టుకుంది. పాప ఆగింది కాబట్టి అమ్మా నాన్నా ఆగారు, పిల్లల తోపుడుబండిలో తమ్ముడు కూడా. నలుగురయ్యారు. అప్పుడు మొదటిసారి మాట్లాడింది, వాళ్ళ పేర్లు అడిగింది, ఎక్కణ్ణుంచి వచ్చారో అడిగింది. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు దూరంగా నిలబడితే వాళ్ళని దగ్గరికి రమ్మని, బూట్లు తాడుకి తగిలేలా నిలబడమంది. అంత దగ్గరికి వచ్చి నిలబడ్డాక వెళ్ళిపోవడం కష్టం, అది నేనూ గమనించా. ముందు వరస నిండాక ఆ పదిహేను మందితో రిహార్సల్ చేయించింది. నేను ఏమీ చెయ్యను, కానీ ఇప్పుడే మీ జీవితంలో చూడనిది చూసినట్టు అరవండి అని. వాళ్ళు అరిచారు. ఆ అరుపుకి అటు కాఫీ తాగేవాళ్ళు, ఇటు జేమ్స్ స్ట్రీట్ మీద నడిచేవాళ్ళు అందరూ తలలు తిప్పారు, ఏం జరిగిందో అని పరుగున వచ్చారు. ఏమీ జరగలేదు, అప్పటికి ఆవిడ చేసింది తాడు పరచడం ఒక్కటే! ఫోన్‌లో టైము చూశా, పదకొండు నిమిషాలు. జనం నూటయాభై మందికి తక్కువ ఉండరు.

అక్కడే నాకు మా ఊరి సంత గుర్తొచ్చింది. మంగళవారం సంతకి తాతయ్య భుజం మీద వెళ్ళేవాణ్ణి. చింతచెట్టు కింద గారడీ ఆయన, దుప్పటి కింద ఒక కుర్రాడు, ఒక మూత వేసిన బుట్ట. ఆ బుట్టలో పాము ఉంది, ఇవాళ ముంగిసతో పోట్లాట చూపిస్తా అనేవాడు. ఆ ఒక్క మాటకి గంటసేపు కదిలేవాళ్ళం కాదు. చేతులు కట్టుకున్నవాళ్ళు విప్పండి బాబూ, ఆట తప్పుద్ది అనేవాడు. చేతులు విప్పితేనే కదా చప్పట్లు కొట్టేది, ఇన్నేళ్ళకి అర్థమైంది నాకు. మధ్యలో వెళ్ళిపోతే రక్తం కక్కుకుంటారు అని కూడా అనేవాడు, నేను తాతయ్య జుట్టు గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఇక పోట్లాట మొదలవుద్ది అనుకునేసరికి తాయెత్తులు తీసేవాడు, దండుకోవడం అప్పుడే. పాము ముంగిస పోట్లాట నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇక్కడా అదే వరస. మధ్యలో మూడు క్లబ్బులతో, అంటే సీసా ఆకారంలో ఉండే కర్రలతో, జగ్లింగ్ చేసింది, ఒకటి జారి కింద పడింది. దాచలేదు, తొందరపడలేదు, వంగి తీసుకుంది, పాప వైపు చూసింది, పాప చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. జనంలోంచి ఒక పొడుగాటి మనిషిని పిలిచింది. పిలిచే ముందు అతని మొహంలోకి చూసి, వస్తారా అని అడిగింది, సరే అన్నాకే చెయ్యి పట్టుకుంది. అతను ఇంకా ఏమీ చెయ్యకముందే పేరు చెప్పించి చప్పట్లు కొట్టించింది. అతనికి సిగ్గు పోయింది, భుజాలు నిటారుగా అయ్యాయి. నిచ్చెన పట్టుకోవడానికి అతను, పట్టు సరిగ్గా ఉందో లేదో చూడమని పాప. ఆట ఇక వాళ్ళిద్దరి సొంతమైపోయింది, జనం మొత్తం వాళ్ళ పక్షం.

చివరి ఐటమ్ నిచ్చెన పైమెట్టు మీద నిలబడి ఐదు క్లబ్బులు. దానికి ముందు రెండో మెట్టు మీద ఆగి డబ్బుల మాట చెప్పింది. చాలా నిదానంగా, బతిమాలకుండా. ఇది నా ఉద్యోగం, నాకు ఎవరూ జీతం ఇవ్వరు, నచ్చితే ఐదు పౌండ్లు, కుటుంబంతో వచ్చుంటే పది, లేనివాళ్ళు వచ్చి చెయ్యి కలిపి వెళ్ళండి చాలు అని. సూట్‌కేసు మూత మీద కార్డు మెషీన్ కూడా అతికించి ఉంది. ఇంగ్లండ్‌లో నోటంటే అన్నిటికన్నా చిన్నది ఐదు పౌండ్లే, మన లెక్కలో ఐదొందలు దాటుద్ది, ఒక్కో చెయ్యి అలవోకగా వేసి వెళ్తుంటే చూస్తూ ఉండిపోయా. ఐటమ్ అయిపోయాక అడిగుంటే సగం మంది కూడా మిగిలేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆవిడ కిందికి దిగిన రెండు నిమిషాల్లో ఆ స్థలం ఖాళీ. నేనూ ఒక ఐదు నోటు వేశా, ఆ పూట తిండి శాండ్‌విచ్‌తో సరిపెట్టుకున్నా, బాధ లేదు.

తాడు చుట్టుకుంటుంటే వెళ్ళి, సాయం చెయ్యనా అని అడిగా. చెయ్యమంది. మాటల్లో నా సంగతి చెప్పా, ఆరుగురి సంగతి, నాలుగు నిమిషాల సంగతి. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆగిన ఆ ఆరుగురితో నువ్వేం మాట్లాడావు అని. నా దగ్గర జవాబు లేదు. నేను స్పీకర్‌లో పాట పెట్టి చేశా, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్ళు ఎవరో, ఎందుకు ఆగారో నేను అడగలేదు, నా చేతులే చూసుకున్నా.

తర్వాత నా వీడియో చూపించమంది. చూసి, పాజ్ చేసి, నా చొక్కా మీద వేలు పెట్టింది. తెల్ల టీషర్టు ముందు తెల్ల తాడు పట్టుకుని ఉన్నా, పొట్ట దగ్గర. మూడో వరసలో ఉన్నవాడికి తాడు ఉందనే తెలీదు అంది. ఎర్ర తాడు కొను, లావుది, ముదురు రంగు చొక్కా వేసుకో, కోసేది కళ్ళ ఎత్తులో కొయ్యి. చిన్న ట్రిక్కు అయినా పర్లేదు, వెనక వరసకి కనపడితే పెద్ద ట్రిక్కే. బాగా వచ్చింది చివరకి పెట్టు, చివర్లో అది చూపిస్తానని మొదట్లోనే చెప్పు, చెప్పి జనాన్ని ఆపు. వేరేవాళ్ళ మాటలు మాత్రం ఎత్తుకొచ్చి వాడకు, నీ ఊరి మాటలు నీకుంటాయి కదా అంది. ఇక్కడ ఎవరి తర్వాత ఎవరు ఆడాలో ఎలా అని అడిగితే, పొద్దున్నే అందరూ కలిసి పేర్లు తీసి తేల్చుకుంటామంది. 2021 నుంచి వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, వీధి ఆటలకి లైసెన్సు పెట్టింది, అది వద్దని ఇక్కడివాళ్ళు చాలామంది పోరాడుతున్నారు, ఆ మాట వచ్చేసరికి ఆవిడ గొంతు మారిపోయింది. ఈ పని మీద ఎంత ప్రేమ ఉంటే అంత కోపం వస్తుందో అనిపించింది.

నాకూ ఒక బాధ ఉంది. మా సంతలో ఆ గారడీ ఆయన కూడా ఇంత పనీ చేశాడు, ఇంకా ఎక్కువే చేశాడు, మైకు లేదు, నిచ్చెన లేదు, మట్టిలో కర్రతో గీసిన గీతే. ఆయన్ని ఎవరూ కళాకారుడు అనలేదు. ఇప్పుడు సంతకి అలాంటివాళ్ళు రావట్లేదట. భయపెట్టి జనాన్ని ఆపడం నాకు వద్దు, ఆ రక్తం కక్కుకునే మాట నేను అనను, కానీ మిగతా విద్య అంతా ఆయన దగ్గరే ఉంది, నేను దాన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చా.

తిరుగు కోచ్ టైముకే వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది, ఇంకో రెండ్రోజులాగి తాతయ్యకి ఫోన్ చేద్దామనుకుని ఆగలేక చేసేశా. ఇండియాలో పదకొండు దాటింది, నిద్రలేపా పాపం.

"తాతయ్యా, సంతలో గారడీ ఆయన గుర్తున్నాడా? మొట్టమొదట ఏం చేసేవాడు, డోలు కొట్టేవాడా?"

"డోలు తర్వాత రా. ముందు నేల ఊడ్చేవాడు."

"ఊడ్చడమేంటి?"

"వేపమండ పుచ్చుకుని చెట్టు కింద ఊడ్చుకునేవాడు, చెంబుతో నీళ్ళు చల్లుకునేవాడు. ఎవడ్రా ఇంత శుభ్రంగా ఊడుస్తున్నాడు, ఏంటి సంగతి అని మేం ఆగేవాళ్ళం. ఆగితే ఇంక అయిపోయినట్టే. ఏం, అక్కడ కూడా గారడీవాళ్ళున్నారా?"

ఉన్నారు తాతయ్యా అని చెప్పా. ఇంకా చాలా చెప్దామనుకున్నా, సిగ్నల్ పోయింది.

తర్వాతి ఆదివారం అదే పార్కుకి వెళ్ళా. స్పీకర్ తీసుకెళ్ళలేదు. నీలం చొక్కా, ఎర్ర తాడు ఒకటి జేబులో, పరచడానికి లావు తాడు ఇంకోటి సంచిలో. గడ్డి మీద రాలిన ఆకులు చేత్తో తీసి పక్కన పోశా, తాడు పరిచా, వెనక్కి నడిచి చూసుకున్నా, ఒక పక్క వంకరగా ఉంటే మళ్ళీ వెళ్ళి సరిచేశా. కాలితో తోసుకునే పిల్లల స్కూటర్ మీద తిరుగుతున్న ఒక పిల్లాడు ఒక కాలు కింద పెట్టి ఆగాడు. కొంచెం దూరంలో వాళ్ళమ్మ కూడా ఆగింది. నేను తాడు చివర పైకెత్తి చూపించి, కాస్త పట్టుకుంటావా అని అడిగా.