ఒళ్లు చెప్పని జబ్బు

నాకు తలనొప్పి లేదు, ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. నలభై దాటినవారు బీపీ, షుగరు, కొలెస్టరాల్ ఒకసారి చూపించుకోవాలని మా కుటుంబ వైద్యురాలు గట్టిగా చెప్పడం వల్లనే ఆ పరీక్షలకు వెళ్లాను. బెంగ ఉన్నది షుగరు గురించే. గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ 5.4 వచ్చింది, 5.7 లోపు మామూలే కనుక ఆ సంగతి అక్కడితో తీరింది. తేడా కనబడింది బీపీలో: 158/96.

ఆమె వెంటనే మందు రాయలేదు. వెన్ను కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేలపై పెట్టించి, అయిదు నిమిషాల పాటు మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో బల్లపై ఉంచి, చొక్కా మీద కాకుండా చర్మంపైనే పట్టీ చుట్టి మళ్లీ కొలిచారు. అంకె కాస్త దిగింది గానీ 140/90కి పైనే నిలిచింది. డాక్టరు గదిలో కూర్చుంటేనే కొందరికి బీపీ పెరుగుతుందని, అందువల్ల వారం రోజులు ఇంట్లో పొద్దునా సాయంత్రమూ రెండేసి సార్లు కొలిచి రాసుకు రమ్మని, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు చూస్తామని చెప్పారు. ఇంటి కొలతలకు హద్దు 135/85. నా సగటు 148/92.

అప్పుడు చేయించిన మూత్ర పరీక్ష నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆల్బుమిన్ అనే ప్రోటీనుకు, కిడ్నీలు బయటికి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థానికి ఉన్న నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. నాకు 86 ఉంది. రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే ఉంది. కిడ్నీల వడపోత దెబ్బతినడం మొదలైనప్పుడు, రక్తపరీక్షలో తేడా రాకముందే ఇలా మూత్రంలో ప్రోటీను కనిపించవచ్చట. జ్వరం వచ్చినా, బాగా వ్యాయామం చేసినా ఇది తాత్కాలికంగా పెరగవచ్చు కనుక కొంతకాలం ఆగి మళ్లీ చేయించారు. ఫలితం మారలేదు. జబ్బు ఉందని కాగితం చెబుతోంది, ఒళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆ రోజులు నిజంగా విచిత్రంగా గడిచాయి.

భయంతో ఒళ్లంతా స్కానింగ్, క్యాన్సర్ మార్కర్లు, ఇంకా ఏవేవో చేయించమని అడిగాను. "లక్షణం లేకుండా వల వేస్తే అపాయం లేని గడ్డలు కూడా దొరుకుతాయి, వాటి కోసం సూదులు, కత్తులు మొదలవుతాయి" అని ఆమె ఒప్పుకోలేదు. సాధారణ ఆరోగ్య పరీక్షల వల్ల మొత్తం మరణాలు తగ్గినట్లు వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్షలో కనబడలేదని కూడా చెప్పారు. నన్ను కాపాడినది ఒక పరీక్షే అయినా, ఆ మాటతో నాకు పేచీ లేదు: వయసుకు, కుటుంబ చరిత్రకు తగినవి కొన్నే ఎంచుకుని, తేడా వస్తే చివరిదాకా వెంటపడే వైద్యులు ఉండడం వేరు, పెద్ద ప్యాకేజీ కొనుక్కుని రిపోర్టు బీరువాలో పెట్టడం వేరు.

మొదట రామిప్రిల్ ఇచ్చారు. కిడ్నీలలో ఒత్తిడి తగ్గించి ప్రోటీను పోవడాన్ని అరికట్టే మందు అది. మొదలుపెట్టిన తరువాత పొటాషియం, క్రియాటినిన్ పరీక్షించి నిలకడగా ఉన్నాయన్నారు. అయితే రాత్రిళ్లు పొడి దగ్గు పట్టుకుంది. జలుబనుకుని దగ్గు మందు తాగడం కన్నా ఆమెకు చెప్పడమే మేలయింది: ఈ జాతి మందులకు అది తెలిసిన దుష్ప్రభావమేనని టెల్మిసార్టన్ అనే మరో బీపీ మందుకు మార్చారు, దగ్గు క్రమంగా పోయింది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నది మాత్రలకంటే కష్టమైన మందు. నాలుక దారికి రావడానికి చాలా వారాలు పట్టింది. నడక సులువుగానే అలవాటయింది.

ఇప్పుడు ఇంటి సగటు 126/80 దగ్గర ఉంటోంది, మూత్రంలో నిష్పత్తి 24కు దిగింది. ఇక మాత్ర మానేయవచ్చా అని అడిగితే, ఆ అంకె దిగింది మాత్ర వల్లనే అని నవ్వారు. ఏటా మూత్ర పరీక్ష, క్రియాటినిన్ తప్పనిసరి. నాకు 45 నిండడంతో పెద్దపేగు క్యాన్సర్ ఉందేమో చూసే మల పరీక్షను కూడా ఆమె ఈసారి జాబితాలో చేర్చారు.