రొట్టెలు చేయడానికి 110 మంది

మా చెల్లెలి కూతురు నగరంలోనే హాస్టల్లో ఉండి చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి నల్లకుంటలోని మా ఇంటికి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న తెస్తుంది. మొన్న పప్పు కలుపుకుంటూ, "పెద్దమ్మా, నువ్వైతే ఏథెన్స్‌లో పుట్టాలనుకుంటావా, స్పార్టాలోనా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "నేనైతే స్పార్టాలోనే" అని తేల్చేసింది. ప్రాచీన గ్రీసులోని ఈ రెండు నగరాల్లో ఏథెన్స్ స్త్రీలు ఇంటిపట్టున ఉండేవారని, స్పార్టా స్త్రీలు వ్యాయామం చేసి, భూములు ఏలుకుని, మగవాళ్లకు ఎదురు మాట్లాడేవారని ఆమె నోట్సులో రెండు నిలువు వరుసల్లో రాసి ఉంది. ఆ పట్టికలో తప్పేమీ లేదు. అయినా ఎవరి కడుపున పుట్టాలో అడగకుండా ఏ ఊళ్లో పుట్టాలో అడగడం నాకు సరిపడలేదు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు స్పార్టా సంగతి. ఇతర గ్రీకులు ఆడపిల్లలను కదలకుండా కూర్చోబెట్టి ఉన్ని వడకమంటారని, స్పార్టాలో ఆ పని బానిస స్త్రీలు చేస్తే చాలునని భావించి శాసనకర్త లైకర్గస్ ఆడపిల్లలకు కూడా పరుగు పందాలు, బల పరీక్షలు ఏర్పాటు చేశాడని ఆ కాలపు ఏథెన్స్ రచయిత జెనోఫన్ రాశాడు. దానికి కారణాన్ని కూడా ఆయన దాచలేదు: తల్లీ తండ్రీ ఇద్దరూ దృఢంగా ఉంటే పుట్టే బిడ్డలు దృఢంగా ఉంటారు. ఆస్తి విషయానికి వస్తే, దేశంలోని భూమిలో దాదాపు ఐదింట రెండు వంతులు స్త్రీల చేతుల్లో ఉందని అరిస్టాటిల్ లెక్క చెప్పాడు, కాకపోతే ఆయన దాన్ని మెచ్చుకోలుగా కాదు, ఫిర్యాదుగా చెప్పాడు. రాజు అగెసిలాయస్ సోదరి కినిస్కా గుర్రాలను పెంచి, క్రీ.పూ. 396లోనూ 392లోనూ ఒలింపియాలో నాలుగు గుర్రాల రథ పందెం గెలిచింది. పందెంలో కిరీటం రథం తోలినవాడికి కాక గుర్రాల యజమానికి దక్కేది కనుక అది సాధ్యమైంది. గ్రీసు అంతటిలో ఈ కిరీటం పొందిన ఏకైక స్త్రీని నేనేనని ఆమె విగ్రహ పీఠం మీద చెక్కించుకుంది. మా పిల్లకు కినిస్కా అంటే మోజు కలగడంలో ఆశ్చర్యం లేదు, నాకూ ఉంది.

కానీ కినిస్కా వడకని ఆ ఉన్ని ఎవరు వడికారు? స్పార్టా పొలాలు దున్నింది హెలట్లు, అంటే భూమికి కట్టుబడిన, అమ్మకానికి వీలులేని దాస్య జనం. వారిలో చాలామంది పొరుగున ఉన్న మెస్సీనియా నుంచి యుద్ధంలో ఓడిపోయినవారు. బరువు కింద కుంగిన గాడిదల్లా వారు పంటలో సగం యజమానులకు మోసేవారని, యజమాని చనిపోతే భార్యలతో సహా వచ్చి ఏడ్చేవారని స్పార్టా కవి టిర్టేయస్ పాడాడు. హెలట్ స్త్రీ జీవితం గురించి మనకు మిగిలిన నాలుగు ముక్కల్లో అదొకటి, అది కూడా తనను చెరబట్టినవాడికోసం ఏడవడం. స్పార్టాలో ఏటా కొత్తగా పదవిలోకి వచ్చే ఐదుగురు ఎఫర్లు, అంటే పాలనాధికారులు, హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవారట, అలా ప్రకటిస్తే వారిని చంపినా పాపం అంటదని. కాబట్టి మగపిల్లలను ఏడో ఏట తల్లి ఒడి నుంచి తీసుకుపోయి శిక్షణలో పెట్టడం, పెళ్లయిన మగవాడు ముప్పై ఏళ్లు వచ్చేదాకా సైనిక నివాసంలోనే పడుకోవడం, ఇంటి పెత్తనం ఆడవారికి దక్కడం, ఇవన్నీ పొలంలో పనిచేసేవారిని చూసి భయపడే ఒక చిన్న పాలక వర్గం చేసుకున్న ఏర్పాట్లు. క్రీ.పూ. 479లో పర్షియన్లతో ప్లాటియా దగ్గర పోరాడటానికి 5,000 మంది స్పార్టన్ పౌరులు వెళితే, ఒక్కొక్కరి వెంట ఏడుగురు చొప్పున 35,000 మంది హెలట్లు వెళ్లారని చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన లెక్కను చూస్తే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది. స్పార్టా ఆడపడుచుగా పుట్టాలంటే సరే, కానీ ఎనిమిది వైపుల పాచిక వేస్తే ఏడు వైపులు హెలట్ ఇంటివైపే పడతాయి.

(డాలుతోనే రా, లేకపోతే డాలు మీద రా అని కొడుకును యుద్ధానికి సాగనంపిన స్పార్టా తల్లి మాట ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. దాన్ని మనకు అందించిన ప్లూటార్క్ ఈ కాలానికి దాదాపు 500 ఏళ్ల తర్వాతి రచయిత. అంతకాలం నోళ్లలో నాని అరగదీసిన రాయిలా నున్నబడిన మాట అది.)

ఇక ఏథెన్స్. మన పాత నగరపు దేవిడీల్లో మర్దానా, జనానా అని ఇల్లు రెండుగా ఉండేదని విన్నవాళ్లకు ఏథెన్స్ ఇల్లు వెంటనే అర్థమవుతుంది. యూఫిలెటస్ అనే మామూలు సంసారి తన భార్యతో పట్టుబడిన మనిషిని చంపి, న్యాయస్థానంలో చెప్పుకున్న ప్రసంగం ఒకటి మిగిలి ఉంది. దాన్ని రాసిచ్చినవాడు కోర్టు ప్రసంగాలు రాసిపెట్టే లిసియాస్. తనది చిన్న మేడ ఇల్లని, పైన ఆడవాళ్లు, కింద మగవాళ్లు ఉండేవారని, బిడ్డ పుట్టాక నీళ్లు పోయడానికి బాలింత మెట్లు దిగుతూ ఎక్కడ జారిపడుతుందోనని తాను పైకి మారి ఆడవాళ్లను కిందికి దించానని అతను చెబుతాడు. ఘోషా అనేది గోడల్లో ఉండే శాశ్వత విషయం కాదని, పసిబిడ్డ స్నానం కోసం తలకిందులయ్యేదని నాకు తెలిసింది ఆ హత్య కేసు నుంచే.

చట్టం మాత్రం అంత మెత్తగా లేదు. ఒక మెడిమ్నస్ బార్లీ, అంటే సుమారు 50 లీటర్ల గింజల విలువ దాటిన ఒప్పందం స్త్రీ సొంతంగా చేయకూడదు. పెళ్లి, కట్నం, వ్యాజ్యం అన్నీ తండ్రి, అన్నదమ్ముడు, భర్త, కొడుకు ఎవరో ఒకరి సంరక్షణలోనే జరగాలి. యుద్ధంలో చనిపోయినవారికి నివాళి చెబుతూ ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్, మంచికైనా చెడుకైనా మగవాళ్ల నోళ్లలో తక్కువగా నలగడమే స్త్రీకి గొప్ప పేరని విధవలకు బోధించాడని చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. ఆ పెరిక్లీసే క్రీ.పూ. 451లో తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వారైతేనే బిడ్డ పౌరుడని చట్టం తెచ్చాడు. నోళ్లలో నలగకూడని స్త్రీ ఎవరి కూతురో రుజువు చేయడానికి ఊరంతా సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

ఆ చట్టం ఒక తల్లిని ఎలా పట్టుకుందో చూడండి. క్రీ.పూ. 346 ప్రాంతంలో పౌరుల జాబితాలు తిరగతోడినప్పుడు యుక్సిథియస్ అనే మనిషి పేరు కొట్టేశారు, అతని తల్లి బజారులో రిబ్బన్లు అమ్ముతుందని, ఒకప్పుడు పరాయి బిడ్డకు పాలిచ్చి జీతం తీసుకుందని, అలాంటిది పౌరుల ఆడపడుచు ఎలా అవుతుందని. అతని కోసం పేరుపొందిన వక్త డెమోస్తనీస్ రాసిన ప్రసంగంలో కొడుకు దేన్నీ కాదనడు. అవును, మేం రిబ్బన్లు అమ్ముకుంటాం, కోరుకున్న తీరులో బతకడం లేదు అంటాడు. తండ్రి యుద్ధానికి పోయినప్పుడు ఇద్దరు పిల్లలతో మిగిలిన అమ్మ దాదిపని చేసింది, ఆ రోజుల్లో ఊరికొచ్చిన కష్టాలకు ఎందరో పౌరుల ఆడవాళ్లు దాదులయ్యారు, నేతకు, ద్రాక్ష తోటల్లో కూలికి పోయారు అంటాడు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: ఆమె పరదేశి అయితే బజారులో పరదేశులు కట్టే పన్ను కట్టి ఉండాలి కదా, ఆ పద్దులు ఎందుకు వెతకలేదు? మీసేవ కేంద్రంలో నివాస ధ్రువపత్రం కోసం నిలబడినవారికి ఈ వాదన ఎక్కడో తగులుతుంది. కోఠిలో తట్టలో రిబ్బన్లు, పిన్నులు పెట్టుకుని కూర్చునే అమ్మను చూసినప్పుడల్లా నాకు ఈవిడే గుర్తుకొస్తుంది. మా పిల్ల నోట్సులోని ఇంటిపట్టున ఉండే ఏథెన్స్ స్త్రీ, ఇంట్లో కూర్చోబెట్టి పోషించగల మగవాడున్న స్త్రీ మాత్రమే. యుద్ధం ఆ మగవాడిని తీసుకుపోయిన రోజున తలుపు దానంతటదే తెరుచుకునేది.

ఇంతవరకు రెండు పెద్ద ఊళ్ల కథ. నేను చెప్పదలుచుకున్నది అసలు మూడో ఊరి గురించి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత థూసిడిడీస్ అనువాదంలో ఆ పుట మడత పెట్టి ఉంది. ప్లాటియా అనేది థీబ్స్‌కు పక్కనే ఉండి ఏథెన్స్‌తో స్నేహం కట్టిన చిన్న ఊరు. ఏథెన్స్‌కూ స్పార్టాకూ పెద్ద యుద్ధం మొదలవుతున్న క్రీ.పూ. 431లో, స్పార్టా పక్షాన ఉన్న థీబ్స్ సైనికులు రాత్రిపూట ఊళ్లో చొరబడితే ఆడవాళ్లు, బానిసలు ఇళ్ల కప్పులెక్కి రాళ్లూ పెంకులూ విసిరారు. అదే రాత్రి దారి తప్పి కాపలాలేని గుమ్మం దగ్గర చిక్కుకున్న కొందరు శత్రువులకు ఒక స్త్రీ గొడ్డలి ఇచ్చిందని, వారు అడ్డగడియ నరికి బయటపడ్డారని కూడా ఆయన రాశాడు. పేరు చెప్పలేదు, ఎందుకిచ్చిందో చెప్పలేదు. నాకు మాత్రం ఆమె మీద కోపం రాదు.

తర్వాత పిల్లలను, భార్యలను, ముసలివారిని ఏథెన్స్‌కు పంపేశారు. క్రీ.పూ. 429లో స్పార్టా వాళ్లు వచ్చి చుట్టూ గోడ కట్టినప్పుడు లోపల మిగిలింది 400 మంది ప్లాటియా వాళ్లు, 80 మంది ఏథెన్స్ వాళ్లు, రొట్టెలు చేయడానికి 110 మంది స్త్రీలు. వీరు తప్ప బానిసగాని స్వతంత్రుడుగాని మరొకరు లేరని థూసిడిడీస్ గట్టిగా చెప్పాడు. ఆ 110 అంకె నన్ను వదలలేదు. మా వీధి మలుపులో రాత్రిపూట జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆవిడను అడిగాను, మనిషికి నలుగురైదుగురు మగవాళ్ల చొప్పున పడుతుంది, కష్టమా అని. ఆవిడ పీట మీద రొట్టె తడుతూనే, "నలుగురైదుగురికి రొట్టెలు జేసుడు ఒక లెక్కనా అక్కా? పిండి గిర్నీల పట్టిస్తం గనక అయితంది. ఇసుర్రాయి మీద ఇసిరి చెయ్యమంటె మాత్రం నాతోని కాదు. మా అత్త కోడి కూయకముందే లేసి ఇసిరేది" అంది. రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి తిప్పింది.

పుస్తకం నాకు చెప్పనిది ఆవిడ చెప్పింది. గ్రీకు సైన్యాల లెక్క ప్రకారం మనిషికి రోజుకు ఒక ఖోయినిక్స్, అంటే సుమారు లీటరు గింజలు. తనతో కలిపి ఐదుగురికి పైగా, అంటే ఒక్కో స్త్రీ రోజూ ఐదారు లీటర్ల గింజలు రాతి మీద నూరి, పిండి కలిపి, కాల్చాలి. సరుకు తరిగాక ఆ కొలత తగ్గే ఉంటుంది, కానీ రెండేళ్ల ముట్టడిలో ఒక్కరోజూ ఆగే పని కాదది. గోడ మీద కాపలాకు వంతులు ఉంటాయి, తిరగలికి ఉండవు.

క్రీ.పూ. 428 చలికాలంలో, వాన, ఈదురుగాలి ఉన్న అమావాస్య చీకటిలో, శత్రువు గోడ ఇటుక వరుసలు లెక్కపెట్టి సరిపడా ఎత్తుకు నిచ్చెనలు కట్టుకుని 212 మంది మగవాళ్లు తప్పించుకుని ఏథెన్స్ చేరారు. యుద్ధ కథలు ఇష్టపడేవారికి అది విందు భోజనం, ఆ ఘట్టాన్ని థూసిడిడీస్ కూడా తీరికగా రాశాడు. అందులో ఆడవాళ్ల ఊసు లేదు. మిగిలినవారు 427 వేసవిలో ఆకలికి తాళలేక లొంగిపోయారు. ఐదుగురు స్పార్టా న్యాయమూర్తులు వచ్చి, ఈ యుద్ధంలో స్పార్టాకు, దాని మిత్రులకు ఏమైనా మేలు చేశావా అని ఒక్కొక్కరినీ అడిగి, లేదన్న ప్రతివాడినీ పక్కకు తీసుకువెళ్లి చంపించారు. అలా చనిపోయినవారు 200 మందికి తక్కువ కాని ప్లాటియా వాళ్లు, 25 మంది ఏథెన్స్ వాళ్లు. వాదనలకు పుటలు పట్టాయి. ఆడవాళ్లను బానిసలుగా చేశారన్నది మాత్రం గ్రీకులో రెండు మూడు మాటల ముక్క.

ఆ తర్వాత ఏడాదికి గెలిచినవాళ్లు ఊరిని పునాదుల దాకా కూల్చి, అక్కడి హీరా దేవత ఆవరణ పక్కనే 200 అడుగుల చదరపు సత్రం కట్టారు, పైనా కిందా గదులతో, ప్లాటియా ఇళ్ల నుంచి ఊడబెరికిన తలుపులు, పైకప్పులతో. ఊళ్లో దొరికిన కంచు, ఇనుప సామానుతో మంచాలు చేయించి హీరాకు సమర్పించారు. హీరా గ్రీకులకు పెళ్లిళ్ల దేవత.