పిడిబాకు ఒర మరమ్మతు: ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా

కడపలో మా అమ్మమ్మగారి ఇంటి అటక మీది నుంచి ఈ ఒరను ఏప్రిల్‌లో దించినప్పుడు అది దాదాపు రెండు బద్దలుగా విడిపోయి ఉంది. దీని పొడవు 29 సెంటీమీటర్లు, మూతి దగ్గర వెడల్పు నాలుగున్నర. బాకు ఆకారానికి లోపల తొలిచిన రెండు చెక్కబద్దలను జిగురుతో కలిపి, పైన మఖ్మల్ చుట్టి, మూతికీ కొనకూ ఇత్తడి తొడుగులు వేశారు. మఖ్మల్ ఇప్పుడు ఆ తొడుగుల కింద మాత్రమే మిగిలింది.

చెక్క ఎర్రగా ఉండడంతో చూసినవారందరూ ఎర్రచందనమే అన్నారు. ఎర్రచందనం పెరిగే పాలకొండల పక్క ఊరిలో అలా అనుకోవడం సహజం. ఎర్రచందనపు రంగు చన్నీటిలో సరిగా కరగదు కాని స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్‌తో తడిపిన దూదిని లోపలి అంచున రుద్దితే అది తెల్లగానే ఉండిపోయింది, ఆ ముచ్చట అంతటితో తీరింది.

బద్దల మీద ఆవగింజంత రంధ్రాలున్నాయి, తడితే మైదాపిండిలాంటి పొడి రాలింది. పుచ్చు పురుగు బతికి ఉండగా జిగురు పెట్టడం వృథా కనుక, ఒరను రెండు ప్లాస్టిక్ సంచుల్లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. బయటికి తీశాక సంచిని ఒక రోజంతా విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లని చెక్క మీద నీరుగా చేరుతుంది.

అసలు చిక్కు అతుకుతో వచ్చింది. మే నెలలో బద్దల మధ్య సందు 1.6 మిల్లీమీటర్లు ఉండగా, దానిని సన్నని చెక్కపేడుతో పూడ్చేద్దామని నేను తొందరపడ్డాను. మా వీధి చివర పని చేసే వడ్రంగి పెద్దాయన చూసి, "ఎండల్లో పూడ్చొద్దు నాయనా, వానలకు ఉబ్బి ఇంగోచోట పగుల్తాది" అన్నారు. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమను బట్టి ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. పైగా ఎండకు ఈ బద్దలు వంగాయి కూడా. ఆగస్టు రెండో వారానికి సందు 0.9కి తగ్గింది, పేడు అవసరమే లేకపోయింది.

జిగురుగా వడ్రంగులు వజ్రం అని పిలిచే తోలుజిగురునే వాడాను. తెల్ల జిగురు సులువే, అయితే ఎండాక దానిని విడదీయడం కష్టం. వజ్రం గోరువెచ్చని తడికి మెత్తబడి మళ్లీ ఊడివస్తుంది. ఒక పాలు జిగురు గింజలను రెండు పాళ్లు నీటిలో రాత్రంతా నానబెట్టి, వేడినీటి గిన్నెలో మరో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాను. మొదటిసారి జిగురు ఉడికిపోయి పట్టు పోయింది, దానిని పారబోసి మళ్లీ నానబెట్టాల్సి వచ్చింది. అతుకులోని పాత జిగురును వెచ్చని తడిదూదితో తుడిచాను. తర్వాత బాకు కొలతకు చెక్కిన అచ్చుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి లోపల ఉంచి, బద్దలను కలిపి, సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి 24 గంటలు కదపలేదు.

ఇందులో నా తప్పు ఒకటుంది. మూతి తొడుగును అలవాటు కొద్దీ చింతపండుతో తోమాను. ఏళ్ల తరబడి చేరిన గోధుమరంగు పోయి, ఇప్పుడది కొన తొడుగు పక్కన కొత్త చెంబులా మెరుస్తోంది. కొన తొడుగును మాత్రం పొడిబట్టతో తుడిచి వదిలేశాను, వానలు తగ్గాక బిగిస్తాను. చెక్క తేమను పట్టి ఉంచి ఇనుమును తుప్పు పట్టిస్తుంది కనుక బాకును ఒరలో పెట్టడం లేదు. పలచగా నూనె రాసి, నూలుగుడ్డలో చుట్టి వేరే పెట్టెలో ఉంచాను.