నొక్కితే రాయి ఎటు చీలుతుంది?

టప్‌మని ఒక్క శబ్దం, అంతే, మెషీన్ ఆపి చూస్తే పైనా కిందా నొక్కుతున్న గ్రానైట్ బిళ్ళ రెండు ముక్కలు. మధ్యలో ఏటవాలుగా గాటు పెట్టాం కదా, పగులు ఆ గాటు దారిలో తిన్నగా పోలేదు, రెండు కొసల దగ్గరా చటుక్కున వంగి బరువు పడుతున్న వైపుకి తిరిగిపోయింది!

అప్పట్నుంచి అదే ఆలోచన. మనం నొక్కుతున్నాం, కానీ రాయి విరిగేది లోపల పుట్టే లాగుడుకి. నొక్కితే ఎంతో తట్టుకునే రాయి లాగితే అందులో దాదాపు పదో వంతుకే తెగిపోతుంది. గాటు సరిగ్గా బరువు దిశలో ఉంటే అంచులు విడిపోయి సూటిగా చీలుతుంది, కానీ ఏటవాలుగా ఉంటే విడిపోవడంతో పాటు అంచులు పక్కపక్కనే జారతాయి కూడా, ఆ జారుడు వల్లే ఈ వంపు.

1963లో పగుళ్ళ మీద పరిశోధన చేసిన ఎర్డోగన్, సిహ్ చెప్పింది ఇదే, కొస చుట్టూ లాగుడు ఎక్కడ ఎక్కువో దానికి అడ్డంగా పగులు సాగుతుందని. జారుడు ఒక్కటే ఉంటే 70.5 డిగ్రీలు వంగాలి అని లెక్క. ఎంత అందమైన లెక్కో! కాకపోతే ఆ లెక్కలో గింజలు లేవు, నిజం రాయిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ గింజలు, వాటి మధ్య ముందే ఉన్న సన్న నెర్రెలు, అందుకే పగులు గరుగ్గా మెలికలు తిరుగుతూ పోతుంది.

కొండవాలులోనైనా సొరంగం గోడలోనైనా బీటల మీద ఒకే రకం బరువు పడడం చాలా అరుదు, నాకైతే ఈ ఏటవాలు టెస్టులే అసలైనవి అనిపిస్తోంది.

రేపు బరువు దిశకీ గాటుకీ మధ్య కోణం ఇంకా పెంచుతాం. ఒక హద్దు దాటాక గాటు అంచులు మూసుకునే వైపుకి వెళ్తాయి, అవి తగులుకుంటే రాపిడి కూడా లెక్కలోకి వస్తుంది.