గిన్నె అడుగున రుచి

మా ఇంట్లో నూడుల్స్ సూప్‌లో కారప్పొడి పడదు, గరం మసాలా పడదు, తాలింపు అసలే పడదు. అలాగే చారులో సోయా సాస్ పడదు. పరాయి దేశంలో పెరిగే పిల్లలకు రెండు రుచులూ కలిపి ఏదో కొత్త వంట చేసి పెడితే ఇష్టంగా తింటారని తెలిసినవాళ్లు చెప్తూ ఉంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. షాంఘైలో పెరుగుతున్న నా పిల్లలకు చారు చారులా, సూప్ సూప్‌లా చేయడం రావాలి. దేని పద్ధతి దానిదే. ఈ విషయంలో నేను కాస్త పట్టుదల మనిషిని.

ఇక్కడి వంటల్లో మా ఇంట్లో బాగా నిలిచిపోయింది యాంగ్‌చున్ మియెన్. షాంఘై, సుజౌ, యాంగ్‌జౌ వైపు ఇంటింటా తెలిసిన సాదా నూడుల్స్ సూప్ ఇది. సన్నటి గోధుమ నూడుల్స్, సోయా సాస్‌తో లేత గోధుమరంగు తేలిన పలుచటి సూప్, పైన సన్నగా తరిగిన ఉల్లికాడలు. అంతే. మాంసం ముక్క గానీ కూర ముక్క గానీ ఉండదు. హోటళ్లలో మాత్రం గిన్నెకో చెంచా పంది కొవ్వు వేస్తారు. ఆ ఘుమఘుమ చాలావరకు దాని వల్లే. మేం పంది మాంసం తినం కాబట్టి, స్కూల్లో స్నేహితులు చెప్పుకునే ఈ సూప్ మన ఇంట్లో ఎందుకు ఉండదని మా అమ్మాయి అడుగుతూ ఉండేది.

దారి చూపించింది పక్కింటి పెద్దావిడ. మా పిల్లలు ఆవిడను నైనై అని, అంటే నానమ్మ అని పిలుస్తారు. కొవ్వు బదులు ఉల్లికాడ నూనె వాడమని మా వంటగదిలోకి వచ్చి చేసి చూపించారు. నా చైనీస్ కూరగాయల బజారు వరకే పనికొస్తుంది. అందుకని మా అమ్మాయి మధ్యలో నిలబడి ఆవిడ చెప్పేది నాకు తెలుగులో, నేను అడిగేది ఆవిడకు చైనీస్‌లో చెప్పింది. "నూనె పొగ రాకూడదట అమ్మా, మంట ఇంకా తగ్గించమంటున్నారు" అని అది చెప్తుంటే నాకు భలే సంతోషంగా అనిపించింది. తెలుగు మాట్లాడమని మేం రోజూ వెంటపడే పిల్ల, ఆ పూట ఇద్దరు పెద్దవాళ్ల పని తన మాట మీదే నడుస్తోందని గట్టిగా, స్పష్టంగా తెలుగు మాట్లాడింది. ఇంట్లో తెలుగు నిలవాలంటే తెలుగుతో పిల్లలకు ఏదో ఒక పని పడాలని నాకు అప్పటి నుంచే నమ్మకం.

ఉల్లికాడ నూనెకు తొందర పనికిరాదు. కాడలు కడిగి బాగా తుడిచి పొడుగ్గా కోయాలి. తడి ఉంటే నూనె చిట్లుతుంది. వాసన లేని నూనె ఒక కప్పు పోసి, ముందు తెల్లటి భాగం, అది మెత్తబడ్డాక ఆకుపచ్చ భాగం వేసి చిన్న మంట మీద ఓపిగ్గా వేయించాలి. ఇరవై నిమిషాల పైనే పడుతుంది. కాడలు ముదురు గోధుమరంగుకు తిరగ్గానే దించాలి, నల్లబడితే చేదు. ఆ వేగిన కాడలు పారేయకూడదు, నూడుల్స్ మీద వేసుకోవడానికి వాటికోసం మా ఇంట్లో పోటీ.

ఇక అసలు సంగతి. చారుకు రుచి పొయ్యి మీద కుదురుతుంది. చింతపండు పులుసు, ఉప్పు, చారుపొడి కలిసి మరిగి, చివర తాలింపు పడితే ఇంటిల్లిపాదికీ ఒకటే చారు. ఈ సూప్ అలా కాదు. పొయ్యి మీద ఉండేది దాదాపు చప్పటి నీళ్లే. రుచి అంతా తినే గిన్నె అడుగున ముందే వేసి ఉంచుతారు. పెద్దవాళ్ల గిన్నెలో ఒక టేబుల్ స్పూన్ లైట్ సోయా సాస్, రంగు కోసం అర టీస్పూన్ డార్క్ సోయా సాస్, చిటికెడు పంచదార, చిటికెడు తెల్ల మిరియాల పొడి, రెండు టీస్పూన్ల ఉల్లికాడ నూనె. దాని మీద సలసలా కాగుతున్న సూప్ సుమారు 350 మిల్లీలీటర్లు పోస్తే క్షణంలో వాసన ఇల్లంతా లేస్తుంది. నూడుల్స్ వేరే గిన్నెలో, ఎక్కువ నీళ్లలో ఉడకాలి. సూప్‌లోనే ఉడికిస్తే పిండి దిగి చిక్కబడిపోతుంది. నీళ్లు పొంగినప్పుడల్లా అరకప్పు చన్నీళ్లు పోయడం ఇక్కడి అలవాటు. వడగట్టి, మడత పెట్టినట్టు గిన్నెలో పడుకోబెట్టి, పైన పచ్చి ఉల్లికాడలు చల్లితే అయిపోయింది.

పొయ్యి మీద ఉన్నది అందరికీ ఒకటే, గిన్నె మాత్రం ఎవరిది వాళ్లది. మా లాంటి ఇంటికి ఇది ఎంత సుఖమో చెప్పలేను. మావారికి మిరియాలు రెట్టింపు. అమ్మాయికి జెన్‌జియాంగ్ నల్ల వెనిగర్ ఒక చెంచా కావాలి. అది బంక బియ్యంతో చేసే వెనిగర్, పులుపుతో పాటు కొంచెం తీపి కూడా ఉంటుంది. బాబుకు ఇవేవీ వద్దు, చివర రెండు చుక్కల నువ్వుల నూనె చాలు. అది మన పచ్చళ్లలో వేసే నూనె కాదు, నువ్వులు బాగా వేయించి తీసినది. రెండు చుక్కలకు మించితే మిగతా రుచులన్నీ మాయం. ఎవరు ఏం వేసుకున్నా అందరం ఒకే బల్ల దగ్గర, ఒకే సమయానికి తింటున్నాం. పిల్లలకు వేరే, పెద్దలకు వేరే వండే రోజులు మా ఇంట్లో తగ్గిపోయాయి.

మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ఆవిడ శాకాహారి, కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ఆవిడకు సూప్ ఎలా? దీనికి జవాబు షాంఘైలోనే దొరికింది. చైనా బౌద్ధ ఆలయాల్లోని శాకాహార వంటలో వెల్లుల్లికీ ఉల్లి జాతి దినుసులకూ చోటు లేదు. వాళ్లు వద్దన్న ఘాటు పదార్థాల పాత జాబితాలో ఇంగువ కూడా ఉంది. ఉల్లి లేనిచోట మనం వేసేదే ఇంగువ, వాళ్లు దాన్నీ మానేశారు. ఎండు షిటాకే పుట్టగొడుగులు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లలోనే సోయా గింజల మొలకలు, అల్లం ముక్క వేసి గంటసేపు సన్నగా కాస్తే మంచి సూప్ వస్తుంది. అత్తయ్యగారిని జేడ్ బుద్ధ ఆలయానికి తీసుకెళ్లి అక్కడి శాకాహార నూడుల్స్ తినిపించాం. "గుళ్లో పెట్టేది కదా, ఇంకేం" అని తృప్తిగా తిన్నారు. ఇంటికి వచ్చాక మనవడు ఆవిడకు చాప్‌స్టిక్స్ పట్టుకోవడం నేర్పాడు.

ఆవిడకు పడనిది ఒకటే, అజినమోటో, అంటే రుచి కోసం వేసే గ్లుటమేట్ పొడి. మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద నూడుల్స్ చూసి పెరిగినవాళ్లందరికీ ఆ భయం ఉంది. పక్కింటి నైనై చిటికెడు వేస్తారని తెలిసి, పిల్లల్ని అక్కడ తిననివ్వద్దన్నారు. ఇక్కడ నేను పిల్లల వైపు నిలబడ్డాను. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునయె ఇకెడా సముద్రపు నాచు కాచిన నీళ్లలోని రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టారు. 1923లో వూ యున్‌చు ఇదే షాంఘైలో దాన్ని తయారుచేసే కంపెనీ పెట్టారు. టమాటాలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండేది కూడా ఆ గ్లుటమేటే. పుట్టగొడుగులు ఉన్నప్పుడు నాకు ఆ పొడితో పని లేదు, నేను కొనను. కానీ ప్రేమగా పెట్టే పొరుగింటావిడ గిన్నెలో విషం ఉందని నా పిల్లలకు చెప్పను. పొరుగువాళ్ల వంటగదిని తక్కువగా చూడటం ఒకసారి నేర్పితే, రేపు మన ఆవకాయ వాసనకు ఎవరో ముక్కు మూసుకున్నప్పుడు పిల్లలకు ఏం చెప్తాం?

అత్తయ్యగారికి నచ్చిన సంగతి మరొకటి ఉంది. ఛింగ్‌హై రాష్ట్రంలోని లాజియా తవ్వకాల్లో, బోర్లించిన గిన్నె కింద దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి నూడుల్స్ దొరికాయని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. అవి గోధుమవి కావు, కొర్రలు, వరిగలతో చేసినవి అని పరిశోధకులు రాశారు. "కొర్రలా! మా నాయనమ్మ కొర్రన్నం వండేది" అని ఆవిడ మొదలుపెట్టిన కబుర్లు రాత్రి దాకా సాగాయి. పిల్లలకు నేను చెప్పని చాలా విషయాలు ఆ పూట తెలిశాయి.

పోయిన వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు మా అమ్మాయి బాబాయి పిల్లలకు ఈ సూప్ చేసి పెట్టింది. వాళ్లు చిల్లీ సాస్ అడిగారు. సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, "మీ గిన్నెలో మీ ఇష్టం, పొయ్యి మీది సూప్‌లో మాత్రం వేయకండి" అంది. మర్నాడు నానమ్మ దగ్గర కూర్చుని చారుపొడి కొట్టడం నేర్చుకుంది. కంది పప్పు ఎంత వేగాలో, మిరియాలు ఎప్పుడు వేయాలో ఫోన్లో తెలుగులోనే రాసుకుంది.

చిన్నపిల్లలతో మొదలుపెట్టేవాళ్లకు ఒకటి రెండు మాటలు. నూనె కాచే పని పెద్దవాళ్లే చేయండి, పిల్లలకు గిన్నెలు సర్దే పని ఇవ్వండి. ఎనిమిదేళ్ల పిల్లాడు కొలత చెంచాతో సోయా సాస్ పోయడం ఎంత శ్రద్ధగా చేస్తాడో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పెద్దలకే రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కాబట్టి పిల్లల గిన్నెలో సగమే వేయండి, సూప్ మొత్తం తాగమని బలవంతపెట్టకండి. తెల్ల మిరియాలు దొరక్కపోతే నల్లవి వేయొచ్చు గానీ ఇంకా తగ్గించి వేయాలి. ఉల్లికాడ నూనె పొడి సీసాలో పోసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, వారం పది రోజుల్లో వాడేయండి. తడి చెంచా మాత్రం తగలనివ్వొద్దు.