సేతువు ఇసుక, త్రివేణి నీళ్ళు: కాశీ రామేశ్వర యాత్ర పాత పద్ధతిలో

కాశీ యాత్ర అంటే మనలో చాలామంది రైలెక్కి వెళ్ళి, గంగలో మూడు మునకలేసి, విశ్వనాథుడికి దండం పెట్టుకుని తిరిగొచ్చేయడమే అనుకుంటారు. పెద్దల లెక్కలో అది సగం యాత్రే. రామేశ్వరంలో సేతువు ఇసుక తీసుకుని ప్రయాగలో త్రివేణిలో కలపాలి. అక్కడి నీళ్ళు తెచ్చి రామేశ్వరంలో రామనాథస్వామికి అభిషేకం చేయించాలి. అప్పుడే యాత్ర ముగిసినట్టు. దక్షిణాది వాడు ఉత్తరాదికి పోక తప్పదు, ఉత్తరాది వాడు దక్షిణాదికి రాక తప్పదు. భాష, తిండి, కట్టుబొట్టు, చివరికి పంచాంగం కూడా మారిపోయే ఇంత పెద్ద దేశంలో మన వాళ్ళు మొక్కును ఇలా రెండు చివరలా ముడివేసి పెట్టారు. ఈ దేశంలో పుట్టినందుకు నాకు గర్వంగా అనిపించే సంగతుల్లో ఇది మొదటిది.

బయలుదేరే ముందు తేదీలు చూసుకోవాలి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. మనకు అమావాస్యతో నెల ముగుస్తుంది, గంగాతీరంలో పౌర్ణమితో ముగుస్తుంది. అంటే మన ఆషాఢ బహుళ పక్షం వాళ్ళకు అప్పుడే శ్రావణం. "ఇంకా శ్రావణం రాలేదుగా, కాశీ ఖాళీగా ఉంటుంది" అనుకుని టికెట్లు తీసుకున్న వాళ్ళు శివుడికి గంగ మోసుకెళ్ళే కావడి యాత్రికుల జనసముద్రంలో చిక్కుకుంటారు. మన భాద్రపద బహుళం వాళ్ళకు ఆశ్వయుజ కృష్ణపక్షం. పేరు వేరైనా రోజులు అవే కాబట్టి మహాలయ పక్షాల్లో గయలో కాలు పెట్టే సందు ఉండదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాశీలో గంగ పొంగి మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచుకు రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు అక్టోబర్ చివర నుంచి నవంబర్, లేదా ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మంచివి. కార్తీక పౌర్ణమి, శివరాత్రి రోజుల్లో జనాన్ని తట్టుకోగలమనుకుంటేనే వెళ్ళండి.

రామేశ్వరంలో పనుల వరుస ముఖ్యం. తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం ముందు. తర్వాత ఎదురుగా ఉన్న అగ్నితీర్థంలో, అంటే సముద్రంలో, స్నానం. ఆ తడిబట్టలతోనే గుడిలోని 22 తీర్థాలకు వెళ్ళాలి. బావి బావి దగ్గరా చేదతో తోడి నెత్తిన పోస్తారు. చివరిది కోటి తీర్థం. అది అయ్యాక పొడిబట్టలు కట్టుకుంటేనే మూలవిరాట్టు దర్శనానికి పంపుతారు. కాబట్టి పొడిబట్టల సంచితో ఒకరు బయట ఉండాలి, లేదా ముందే ఒక చోట పెట్టుకోవాలి. రాతి నేలంతా తడిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జారిపడేది ఇక్కడే. తొందరపెట్టే వాళ్ళ వెంట పరుగెత్తకుండా మనిషి చెయ్యి పట్టుకుని నడవండి. స్త్రీలు బరువు చీరకంటే త్వరగా ఆరే బట్ట కట్టుకుంటే సుఖం.

గుడిలో లింగాలు రెండు. సీతమ్మ ఇసుకతో చేసింది రామలింగం, హనుమంతుడు తెచ్చింది విశ్వలింగం. పూజ ముందు విశ్వలింగానికే. గర్భగుడిలో అర్చకులు తరతరాలుగా మహారాష్ట్ర మూలాలున్న కుటుంబాల వాళ్ళు. తమిళనాడు కొసన, ద్రావిడ శైలి గుడిలో మరాఠీ వంశాల చేతుల మీదుగా పూజ జరుగుతుంది. బదరీనాథ్‌లో రావల్, అంటే ప్రధాన అర్చకుడు, కేరళ నంబూద్రి, కేదార్‌నాథ్‌లో రావల్ కర్ణాటక వీరశైవుడు. ఈ ఏర్పాటు గురించి విన్నవాళ్ళు చాలామంది ఉంటారు, కళ్ళతో చూస్తే కలిగే పొంగు వేరు.

ఇక ఇసుక. ఊరి నుంచి ధనుష్కోడి దాటి భూమి ముగిసే అరిచల్ మునై దాకా సుమారు 20 కిలోమీటర్లు, రోడ్డు ఉంది. 1964 డిసెంబర్ తుఫానులో కొట్టుకుపోయిన ఊరి గోడలు దారిలో కనిపిస్తాయి. సముద్రతీరంలో పురోహితుడు సంకల్పం చెప్పించి ఇసుకతో మూడు లింగాలు చేయిస్తాడు. సేతుమాధవుడు, బిందుమాధవుడు, వేణీమాధవుడు అని వాటి పేర్లు. సేతుమాధవుడి సన్నిధి రామేశ్వరం గుడిలోనే ఉంది, బిందుమాధవుడి గుడి కాశీలో పంచగంగ ఘాట్ మీద, వేణీమాధవుడిది ప్రయాగలో దారాగంజ్‌లో. పూజ అయ్యాక మొదటి రెండింటినీ సముద్రంలో కలిపేసి, వేణీమాధవుడి ఇసుకను వెంట తీసుకెళ్ళాలి. గుప్పెడు చాలు. తడి ఇసుకను అలాగే మూటగడితే ఉప్పుకు గుడ్డ చెమ్మగిల్లి వాసన వేస్తుంది, పక్కనున్న రాగి పాత్రలకు చిలుము పడుతుంది. ఒక పూట కాగితం మీద నీడలో ఆరబెట్టి, రెండు పొరల పసుపు గుడ్డలో కట్టి, మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి. ప్రయాగ చేరేదాకా రోజూ ఒక నమస్కారం, కింద పెట్టకపోవడం, అంతే నియమం.

రామేశ్వరం నుంచి బనారస్‌కు వారానికోసారి రైలుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన తెరిచాక రైలు మళ్ళీ దీవిలోకి వస్తోంది. అది కుదరకపోతే ఇంటికొచ్చి మన ఊళ్ళ నుంచి వెళ్ళినా దోషం లేదు, ఇసుక జాగ్రత్తగా ఉంటే చాలు. ఒక్కటి గుర్తుంచుకోండి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్ళే బండి ప్రయాగ్‌రాజ్ పెద్ద స్టేషన్‌కు పోదు, యమునకు ఇవతల ఛివ్‌కీలో ఆగుతుంది. కాశీకి కూడా కొన్ని బండ్లు నేరుగా పోవు, పాత మొఘల్‌సరాయ్, ఇప్పటి దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగి ఆటోలో రావాలి. బనారస్ అని రాసి ఉన్నది పాత మండువాడీ స్టేషన్, వారణాసి జంక్షన్ వేరు. టికెట్టు మీద పేరు చదువుకోకుండా దిగితే రాత్రి పూట అవస్థ.

ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం అని మాట. ప్రయాగలో సంగమానికి పడవలో వెళ్ళాలి. బేరం ఒడ్డునే తేల్చుకోండి. మనిషికా, పడవకా? రానూపోనూనా? స్నానానికి, పూజకు ఆగే సమయం కలిసే ఉందా? పురోహితుడి దక్షిణ ఎంత? నది మధ్యకు వెళ్ళాక ఈ లెక్కలు తేలవు. తీర్థ పురోహితులను ప్రయాగ్‌వాల్‌లంటారు. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తున్న జెండా ఉంటుంది. మీ ఊరు, ఇంటిపేరు, గోత్రం చెబితే బహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసిన పాత పుస్తకాలు, తిరగేసి మీ తాతముత్తాతలు వచ్చిన సంగతి వెతికి చూపిస్తారు. చదువు రాని యాత్రికులు వేసిన వేలిముద్రలు కూడా ఆ పుస్తకాల్లో ఉంటాయి. మీ పేర్లు, పిల్లల పేర్లు స్పష్టంగా తెలుగులో రాయించి రండి.

దంపతులుగా వెళితే వేణీదానం చేయాలి. మన వాళ్ళు, తమిళులు, కన్నడిగులు, మరాఠీలు దీన్ని శ్రద్ధగా చేస్తారు. భర్త భార్యను కూర్చోబెట్టి, తల దువ్వి, తనే జడ అల్లి, పూలు తురిమి, కొసన రెండు మూడంగుళాలు కత్తిరిస్తాడు. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఒక్కసారీ జడ వేసి ఎరుగని చేతులు మూడు పాయలతో తడబడుతుంటే పక్క పడవలోని మరాఠీ అమ్మ "ఇలా కాదు, ఇటు నుంచి" అని సైగలతో నేర్పుతుంది. కత్తిరించిన కొసను పసుపు కుంకుమలతో సంగమంలో వదులుతారు. చిన్న కత్తెర, దువ్వెన, పూలు, పసుపు, కుంకుమ ఇంటి నుంచే తీసుకెళ్ళండి. వేణీమాధవుడి ఇసుకను కూడా ఇక్కడే, తెల్లటి గంగ, ఆకుపచ్చటి యమున ఒరుసుకునే గీత దగ్గర కలపాలి.

రామేశ్వరానికి నీళ్ళు ఇక్కడివే తీసుకోవాలి. కాశీ నుంచి గంగ తేకూడదని, అందులోని జీవాలకు కాశీలో దొరికే ముక్తి మనం తప్పించినట్టవుతుందని పెద్దలంటారు. బజారులో నింపి, మూతకు సీసంతో మాటు వేసి అమ్మే చెంబులు కొనకండి. ఖాళీ రాగి చెంబులు కొని, పలచటి గుడ్డ కట్టి సంగమంలో ముంచండి. ఒక రాత్రి కదల్చకుండా ఉంచితే ఒండు కిందికి దిగుతుంది. పైతేట వేరే చెంబులోకి వంచుకుని మాటు వేయించండి. వేలెడు ఖాళీ వదలాలి. మెడదాకా నింపితే అంచు తడిసి సీసం అంటుకోదు, అంటుకున్నా రైల్లో ఎండకు ఊరి కారుతుంది. రామేశ్వరానికి ఒక పెద్ద చెంబు, ఇంటికి ఒకటి, పంచడానికి చిన్నవి కొన్ని. విమానంలో చేతి సంచిలో ఇవి రానివ్వరు, రైలే మేలు.

ప్రయాగ నుంచి కాశీ 120 కిలోమీటర్ల పైచిలుకు. దర్శనాల వరుస అందరూ చెప్పేదే: డుంఢి గణపతి, విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. ఫోన్లు బయట లాకర్లో పెట్టాలి కాబట్టి మళ్ళీ ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఇప్పటి విశ్వనాథ మందిరం 18వ శతాబ్దంలో ఇండోర్ రాణి అహల్యాబాయి కట్టించింది. శిఖరానికి బంగారం ఇచ్చింది పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్. రోజూ పూజకు సామగ్రి మోసుకొచ్చేది తమిళనాడు నగరత్తార్ల (చెట్టియార్ వర్తకుల) సత్రం వాళ్ళు. "శంభో" అంటూ వాళ్ళు వస్తుంటే సందులో జనం పక్కకు తప్పుకుంటారు.

నన్నడిగితే కాశీలో ఒక ఉదయం గుళ్ళకు కాక మెట్లకు ఇవ్వాలి. కేదార ఘాట్ దగ్గర మొదలుపెట్టి పంచగంగ దాకా నదిని కుడిచేతి వైపు పెట్టుకుని నడవండి, సుమారు రెండు కిలోమీటర్లు. కేదారేశ్వరుడి గుడిని చూసుకునేది తమిళ కుమారస్వామి మఠం, అందుకే మన గుళ్ళలాగే ఎరుపు తెలుపు చారలు. పక్కనే మానసరోవర్ దగ్గర ఆంధ్రాశ్రమం, ఆ చుట్టుపక్కల సందుల్లో పాలవాడు, పడవవాడు కూడా తెలుగులో పలకరిస్తారు. వెనక వీధులు బెంగాలీ టోలా. ముందుకెళితే మిథిల దర్భంగా రాజుల ఘాట్, తర్వాత అహల్యాబాయిది, దశాశ్వమేధం దాటాక అంబర్ రాజుల మాన్ మందిర్, లలితా ఘాట్ మీద చెక్క చెక్కడాల నేపాలీ గుడి, మణికర్ణిక దాటితే గ్వాలియర్ సింధియాలది, నాగపూర్ భోంస్లేలది. చివర పంచగంగ మీద త్రైలింగ స్వామి మఠం. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి, 1887లో సమాధి అయ్యేదాకా కాశీలో నిలిచిపోయిన మన తెలుగు యోగి. అక్కడ బెంగాలీలు బారులు తీరి దండం పెట్టడం చూస్తాం, మన వాళ్ళే ఎక్కువమంది ఆ మెట్లెక్కరు. ఎక్కండి. బిందుమాధవుడు కూడా ఆ పక్కనే.

గయకు కాశీ నుంచి 250 కిలోమీటర్లు. విష్ణుపాద మందిరాన్నీ 1787లో అహల్యాబాయే పునర్నిర్మించింది. అక్కడి గయావాల్ పురోహితులు బీహారీలే గాని మధ్వ సంప్రదాయం పాటిస్తారు. ఫల్గుణీ తీరం, విష్ణుపాదం, అక్షయవటం, ఈ మూడు చోట్ల పిండప్రదానం తప్పనిసరి. ఫల్గుణీ నదిలో ఒకప్పుడు ఇసుక తవ్వి నీళ్ళు తీసేవాళ్ళు. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టాక ఆ కష్టం తగ్గింది. ఇక్కడ అందరూ తడబడేది పేర్ల దగ్గర. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, తర్వాత మేనత్తలు, పెదనాన్నలు, గురువులు, స్నేహితులు, ఇంట్లో పెరిగిన ఆవులు దాకా అడుగుతారు. అప్పటికప్పుడు ముత్తవ్వ పేరు గుర్తురాదు. నెల ముందే ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని గోత్రాలతో సహా పెద్ద అక్షరాలతో రాసుకోండి. కాయ, పండు, ఆకు వదిలేది ఇక్కడే, అక్షయవటం కింద. తినని కాకరకాయ వదిలి లెక్క సరిపెట్టకుండా ఇష్టమైనదే వదలండి.

తిరుగు ప్రయాణంలో రామేశ్వరం గుడి కౌంటరులో గంగాభిషేకం టికెట్టు తీసుకుని చెంబు అప్పగించాలి. మాటు విప్పడానికి మనిషిని ముందు రోజే చూసుకుంటే మంచిది, పొద్దున్నే దుకాణాలు తెరవవు. గంగోత్రి నుంచి నీళ్ళు తెచ్చిన రాజస్థానీలు, బీహారీలు అదే వరుసలో ఉంటారు.

ఇంటికొచ్చాక కాశీ సమారాధన. గంగ చెంబుకు పసుపు కుంకుమ పెట్టి, కాశీ నుంచి తెచ్చిన అన్నపూర్ణ విగ్రహాన్ని బియ్యంలో నిలిపి పూజ చేయాలి. పులిహోర, గారెలు, పాయసం తప్పనిసరి. కాలభైరవుడి నల్లతాళ్ళు, చిన్న చెంబులు వచ్చిన వాళ్ళందరికీ ఇవ్వాలి. కాబట్టి తాళ్ళు అనుకున్నదానికి రెట్టింపు కొనండి, పిలవని వాళ్ళు కూడా ఆ రోజు వస్తారు, రావాలి కూడా.